బాపు బుక్కిన ఉప్పు

మా మందకు ఉన్ని కత్తిరించే రోజు మా బాపు రెండు గొర్రెలకే కత్తెర కింద పెట్టాడు. ఏటా ఆ పనికి కూర్చుంటే పొద్దు నడినెత్తికి వచ్చేదాకా లేచే మనిషి కాదు. కాళ్ళు కట్టిన గొర్రెను ఒళ్ళోకి తిప్పుకుని, ముచ్చట్లు చెబుతూ, చర్మానికి గాటు పడకుండా ఉన్నినంతా తీసేవాడు. ఆ రోజు రెండో గొర్రె పూర్తి కాగానే గోడకు ఆనుకుని నోటితో గాలి పీల్చడం మొదలుపెట్టాడు. ఏమైందని అడిగితే, "ఏం గాలే. ముసలితనం వచ్చింది. ఆ ఇంకోదాని కాళ్ళు గూడ జర కట్టెయ్యి" అని నవ్వాడు. అప్పటికి ఆయనకు యాభై అయిదు దాటి ఉంటాయేమో, అంతే.

కొత్త పైసలు చలామణిలోకి వచ్చిన సంవత్సరం అది. నేను ఆత్మకూరులో పశువుల దవాఖానలో కంపౌండరును. మా ఊరు అక్కడికి పన్నెండు మైళ్ళు. మా వాడలో గొర్రెలు కాచే ఇళ్ళల్లో ఏడో తరగతి దాకా చదివింది నేనొక్కడినే. నేను చేసే పని సీసాలు కడగడం, మందులు కలపడం, సూది వేసేటప్పుడు ఎద్దు తన్నకుండా పట్టుకోవడం. అయినా ఊళ్ళో అందరూ నన్ను డాక్టర్ సాబ్ అనేవారు. నేను డాక్టరును కానని ఒక్కరికీ చెప్పలేదు. చెప్పకపోగా ఆ పిలుపు వినబడితే నడక కూడా మార్చేవాడిని. జరిగిన చెడుకు మొదలు అక్కడే ఉంది కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను.

అదే సాయంత్రం బాపు చెప్పులు విప్పుతుంటే చూశాను. తోలుపట్టీ పాదంలోకి దిగి అచ్చు పడింది. చెప్పులు ఎండకు ముడుచుకుపోయాయని అంతకు ముందే రెండుసార్లు పట్టీని వదులు చేయించుకున్నాడట. చీలమండ పైన బొటనవేలితో నొక్కుకున్నాడు. గుంట పడింది. వేలు తీసినా ఆ గుంట పూడలేదు. గొర్రెలు కాచేవాళ్ళకు ఈ పరీక్ష కొత్త కాదు. వానాకాలంలో చెరువంచు గడ్డి మేసిన గొర్రెకు దవడ కింద నీరు దిగుతుంది. అక్కడ వేలితో నొక్కితే ఇట్లాగే గుంట పడి ఉండిపోతుంది.

"నాకు గొర్రె రోగం వచ్చిందిరా!" అన్నాడు బాపు.

ఇద్దరం నవ్వుకున్నాం. పొయ్యి దగ్గర నుంచి అమ్మ కూడా నవ్వింది.

దవడ కింద నీరు దిగిన గొర్రెకు మావాళ్ళు చేసే వైద్యం ఒకటుంది. చెరువంచు మేపు మాన్పించి మెట్టకు తోలతారు. రాతిబండ మీద దంచిన ఉప్పు పరిచి నాకిస్తారు. కొన్ని బతుకుతాయి, కొన్ని పోతాయి. బతికినవి ఉప్పు వల్లే బతికాయని మా నమ్మకం. పోయినవి ఎందుకు పోయాయని ఎవరూ అడగరు. బాపు ఆ వైద్యమే తనకు మొదలుపెట్టాడు. గల్లుప్పు పెంకు మీద వేయించి, అరచేతి గుంటలో పట్టినంత పొద్దున్నే బుక్కి, పైన చెంబెడు నీళ్ళు తాగడం. అమ్మ వద్దంటే "నీకేం ఎర్క? నలభై ఏండ్ల సంది చేస్తున్న వైద్యం" అన్నాడు.

నా సెలవు మూడు రోజులే. తిరిగి పోతుంటే బస్సు రోడ్డు దాకా తోడు వచ్చాడు. అర మైలు దూరానికి రెండుసార్లు ఆగాడు. రెండోసారి ఆగినప్పుడు, చేతికర్ర మీద బరువు మోపి, నా మొఖం చూడకుండా అడిగాడు.

"రెండు దినాలాయె ఉప్పు బుక్కవట్టి. కడుపుల తిప్పుతాంది. ఎన్ని నీళ్ళు తాగినా దూప తీరుతలేదు. ఆపుదామా అనుకుంటున్న. నువ్వు దవాఖాన్ల ఉంటవ్ గద, నువ్వు చెప్పు. గొర్రెకు పనిచేసింది మనిషికి చేస్తదా?"

మా బాపు నన్నొక సలహా అడగడం అదే మొదటిసారి. గొర్రె కొనాలన్నా, కయ్యం తెగ్గొట్టాలన్నా ఆయన మాటే మా ఇంట్లో ఆఖరు. అట్లాంటి మనిషి నన్ను అడుగుతున్నాడు. నాకు తెలియదు అనాలి. నిజంగా తెలియదు. కానీ అనలేకపోయాను.

"గొర్రెకు చేసింది మనిషికెందుకు చెయ్యదు బాపూ? మధ్యల ఆపితె మందు పని చెయ్యదు. పది దినాలన్న వాడాలె" అన్నాను.

మధ్యలో ఆపకూడదన్న మాట మా పశువుల డాక్టరు రైతులకు రోజూ చెప్పేది. దాన్ని ఎత్తుకొచ్చి బాపు ముందు పెట్టాను. ఆపుదామనుకుంటున్న మనిషి చేత ఆపకుండా తినిపించాను. "సరే మరి, నువ్వంటున్నవ్ గద" అన్నాడు బాపు. బస్సులో కూర్చున్నాక నాకు గర్వంగా కూడా అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అనిపించింది.

పన్నెండో రోజు మా తమ్ముడు ఎల్లయ్య మందను ఇంకొకరికి అప్పజెప్పి నడుచుకుంటూ ఆత్మకూరు వచ్చాడు.

"అన్నా, బాపు పండుకుంటలేడే. కూసోనే కునుకుతుండు. పండుకుంటె నీళ్ళల్ల మునిగినట్టయితుందంట" అన్నాడు.

ఇంటికి పోయేసరికి బాపు ఉన్నిమూటలకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. వాపు తొడల దాకా పాకింది. పొట్ట బిగుసుకుపోయింది. పెదవులు నేరేడుపండు తిన్నట్టు నల్లబడ్డాయి. నాలుగు మాటలు మాట్లాడితే మధ్యలో రెండుసార్లు ఆగుతున్నాడు. పక్కన ఉప్పు పెంకు ఇంకా ఉంది.

"నువ్వన్న చెప్పు కొడుకా, నా మాట ఇంటలేడు" అని అమ్మ ఏడ్చింది. "పది దినాలు నిండాలె, పది దినాలు నిండాలె అని ఒకటే పాట. నిండినంక గూడ ఇంకో రెండు దినాలు తిన్నడు. గుణం కనబడకపోతె తక్కువైందేమోనని."

పది రోజులన్న లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో అమ్మకు బాపు చెప్పలేదని అప్పుడర్థమైంది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆ లెక్క నాదేనని నేనూ ఒప్పుకోలేదు. పెంకు తీసి బయట పారేశాను. అంతకు మించి నాకు చేతనైంది లేదు.

రోడ్డు దాకా బండి మీద, అక్కడి నుంచి బస్సులో పాలమూరుకు తీసుకుపోయాం. ముందుకు వంగి, ముందు సీటు కమ్మీ పట్టుకుని, దారి పొడుగునా అట్లాగే కూర్చున్నాడు. జిల్లా దవాఖానలో చూసిన డాక్టరు నెమ్మదిగా మాట్లాడే మనిషి. మెడలో నరం ఎంత ఎత్తు దాకా కొట్టుకుంటుందో చూశాడు. పక్కటెముకల కింద నొక్కి లివర్ పెరిగిందన్నాడు. వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. బీపీ చూశాడు. ఎక్స్‌రే తీయించి, వెలుతురుకు పట్టి నన్ను పిలిచాడు.

"హార్ట్ ఎన్‌లార్జ్ అయింది. దీన్ని కంజెస్టివ్ హార్ట్ ఫెయిల్యూర్ అంటరు. ఫెయిల్యూర్ అంటె గుండె ఆగిపోయిందని కాదు, భయపడకు. పంపింగ్ తగ్గింది. రక్తం ముందుకు సరిగ పోతలేదు. అందుకె నీళ్ళు కాళ్ళల్ల, కడుపుల, లంగ్స్‌ల నిలుస్తున్నయ్. బీపీ ఎన్నేండ్ల సంది ఉన్నదో ఏమో, ఎవరు చూడలే."

తర్వాత బాపు వైపు తిరిగాడు. "ఏం తింటున్నవ్ పెద్దయ్యా? ఉప్పు ఎక్కువ తింటవా?"

బాపు ఆగి ఆగి అంతా చెప్పాడు. గొర్రె దవడ, రాతిబండ, వేయించిన గల్లుప్పు. డాక్టరు రాస్తున్న పెన్ను ఆపేశాడు.

"ఉప్పు నీళ్ళను పట్టి పెడుతది. ఒంట్లకెళ్ళి నీళ్ళు బయటికి పోవాల్సినోడివి, నీళ్ళు పట్టుకునే దాన్నే తిన్నవ్. ఎవరు చెప్పిండ్రు నీకు?"

నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను. బాపు నా వైపు చూడలేదు. చూసి ఉంటే డాక్టరు కూడా ఇటే చూసేవాడు.

"ఎవ్వరు చెప్పలే సార్. నా సొంత తెలివి" అన్నాడు.

డాక్టరు నన్ను ఏం పని చేస్తావని అడిగాడు. చెప్పాను. "మరి నీకన్న తెల్వదా? ఆపొద్దా?" అన్నాడు. "నేను ఊళ్ళె లేను సార్" అన్నాను. ఊళ్ళో లేనన్నది నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని దాక్కున్నాను.

మందులు ఆ పూటే మొదలయ్యాయి. పాదరసం కలిసిన ఇంజెక్షన్ ఒకటి, అది మూత్రం జారీ చేయడానికి. గుండెకు బలం ఇవ్వడానికి డిజిటాలిస్ మాత్ర. తాగిన నీళ్ళెన్ని, పోయిన మూత్రమెంత అని చార్ట్ రాయమన్నారు. గీతలున్న గాజు జాడీలో కొలిచి రాసే పని నాది. ఆ పని మాత్రం తప్పు లేకుండా చేశాను. మొదటి రోజే జాడీ ఎన్నిసార్లు నింపానో చూసి బాపుకే ఆశ్చర్యమైంది.

"గిన్ని నీళ్ళు నాలో యాడ దాగినయ్‌రా? మన బాయిల గూడ గిన్ని లెవ్వు గద!"

మూడో రోజు మూడు దిండ్లు పెట్టుకుని పడుకోగలిగాడు. అమ్మ పక్కన కూర్చుని ఆయన పాదాలు నిమురుతుంటే, పాత ఎముకలు మళ్ళీ కనబడుతున్నాయని సంబరపడింది. నేను టీ తేవడానికి పోయి వచ్చేసరికి ఇద్దరూ ఏదో మెల్లగా మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి ఆపేశారు. మందకు సంబంధించిన మాటలనుకుని పట్టించుకోలేదు.

రెండు వారాలకు పంపించారు. పంపేటప్పుడు డాక్టరు అన్న మాటలు నాకు అక్షరాలా గుర్తున్నాయి. "ఈ జబ్బు పోదు. కాపాడుకోవాలె. కూరల ఉప్పు వద్దు, తొక్కు వద్దు, అంబలిల వద్దు. నీళ్ళు కొలిచి తాగాలె. వెయిట్ చూసుకుంట ఉండాలె. తిన్నది పెరగకుండ వెయిట్ పెరిగిందంటె అది నీళ్ళే. రెండు సేర్లు పెరిగితె కాళ్ళు వాచేదాక ఆగకు, వచ్చెయ్." ఎండాకాలం మేపుకు మందతో కృష్ణ ఒడ్డుకు పోవచ్చా అని బాపు అడిగాడు. డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

తిరుగు బస్సులో ధైర్యం చేసి మొదలుపెట్టాను. "బాపూ, ఆ దినం రోడ్డు మీద నేను..." ఆయన మధ్యలోనే ఆపేశాడు. "బస్సుల ముచ్చట్లెందుకురా? జర కిటికీ తెరువు, గాలి రాని." తెరిచాను. ఆ తర్వాత నాలుగేళ్ళలో మళ్ళీ మొదలుపెట్టలేదు.

మందను తమ్ముడికి అప్పగించి అమ్మనూ బాపునూ ఆత్మకూరు తీసుకొచ్చాను. పశువుల దవాఖాన వెనుక వీధిలో చిన్న ఇల్లు కిరాయికి దొరికింది. వారానికోసారి ఇంజెక్షన్, రోజూ మాత్ర. కష్టమంతా తిండి దగ్గరే వచ్చింది. జొన్న గటకలో ఉప్పు లేకపోతే అది గోడకు మెత్తే మట్టిలా ఉంటుందని బాపు మొదటి రోజే తీర్పు చెప్పాడు. చింతపండు, వెల్లుల్లి, పచ్చిమిర్చి, నిమ్మకాయ, ఉల్లిగడ్డ, వీటితో అమ్మ నానా తంటాలు పడింది. తొక్కుల జాడీలు పక్కింటికి పోయాయి. ఆయన ముందు ఉప్పు వేసుకుని తినలేక అమ్మ కూడా మానేసింది. ఇంట్లో ఒకటే కుండ, అందరికీ చప్పిడే. నేను మాత్రం రోజూ దవాఖానకు పోయే దారిలో హోటల్లో బజ్జీలు తిని మూతి తుడుచుకునేవాడిని. అమ్మకు వాసన తెలిసేది, అనేది కాదు.

దూప అంతకంటే కష్టం. రోజు మొత్తానికి ఒక ఇత్తడి చెంబు. ఎండాకాలం ఆయన ఆ చెంబును కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చునేవాడు. గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి, కొద్దికొద్దిగా మింగేవాడు. మధ్యాహ్నానికే చెంబు అడుగంటితే దాన్ని బోర్లించి, ఇక దానివైపు చూడనని వీపు తిప్పేవాడు.

వెయిట్ చూసుకోమన్నాడు కానీ మాకు ఆ యంత్రం ఎక్కడిది? అంగడి రోజు ఉన్ని కొనే సావుకారు కాంటా ఒకటుండేది, పెద్ద దూలానికి వేలాడదీసింది. ఒక పళ్ళెంలో ఉన్నిమూటలు, ఒక పళ్ళెంలో రాళ్ళు. నలభై ఏళ్ళు ఆ కాంటా మీద ఉన్ని పెట్టిన బాపు, ఇప్పుడు వారం వారం పోయి అందులో తానే గొంతుక్కూర్చునేవాడు. సావుకారు మొదట వద్దన్నాడు, తర్వాత ఆయనకూ సరదా పుట్టింది.

"ఏం బీరయ్యా, ఈ వారం ఎన్ని సేర్ల ఉన్ని పండినవ్?"

"తడి ఉన్ని సావుకారీ, దాన్ని ఎండబెట్టనీకె మా కొడుకు సూదులు పొడిపిస్తుండు" అనేవాడు బాపు. చుట్టూ అందరూ నవ్వేవారు. సేరు పెరిగిన వారం మాత్రం ఆయన నవ్వకుండా దిగేవాడు. వారం మధ్యలో చూసుకోవడానికి అమ్మ ఉన్ని దారం ఒకటి వడికి, వాపు లేని రోజు చీలమండ కొలతకు ముడి వేసింది. రోజూ పొద్దున్నే, ఆయన లేవకముందే, చీలమండ చుట్టూ ఆ దారం పెట్టి చూసేది. దారం ముడి దగ్గర కలవకపోతే నన్ను లేపేది. ఆ కాంటా, ఆ దారం వల్లే రెండుసార్లు వాపును మొదట్లోనే పట్టుకున్నాం.

ఒక ఏడాది తర్వాత అడ్డం తిరిగింది. తిండి సహించడం లేదన్నాడు, వాంతులయ్యాయి. నాలుగు రోజులకు నసుగుతూ ఇంకో మాట చెప్పాడు.

"ఏందో బిడ్డా, గొర్లన్ని పచ్చగ కనబడుతున్నయ్. పసుపు పూసినట్టు. సున్నం గోడ గూడ పచ్చగనే ఉన్నది. కండ్లు పోతున్నయేమో."

మళ్ళీ పాలమూరు. డాక్టరు నాడి పట్టుకుని వెంటనే అడిగాడు, మాత్రలు ఎన్ని వేసుకుంటున్నావని. మంచిగా ఉన్నాను కదా, ఇంకొకటి వేసుకుంటే ఇంకా మంచిగుంటుందని రెండు వేసుకుంటున్నాడట. "ఇది డిజిటాలిస్ టాక్సిసిటీ. ఇంకో వారమైతె పాణం పోతుండె" అని డాక్టరు కోపం చేశాడు. ఈసారి కూడా ఎవరు చెప్పారని అడిగాడు. బాపు సొంత తెలివే అన్నాడు. ఈసారి అది నిజం. అయినా ఆ మాట వినగానే నా చెవులు వేడెక్కాయి.

తర్వాత సూది అవసరం లేకుండా మూత్రం జారీ చేసే కొత్త మాత్ర వచ్చింది. దానితో రెండేళ్ళు బాగానే గడిచాయి. బాగా అంటే, దవాఖాన దాకా నడిచి వచ్చి గేటు పక్క అరుగు మీద కూర్చోగలిగేంత. ఎండలు ముదరగానే మెట్ట ఊళ్ళ మందలన్నీ కృష్ణ ఒడ్డు మేపుకు ఆ దారినే పోయేవి. తమ్ముడు మా మందను తోలుకుని పోతుంటే బాపు లేచి నిలబడి, దుమ్ము అణిగేదాకా చూసేవాడు.

దవడ కింద నీరు దిగిన గొర్రెలను మా దవాఖానకు తెచ్చేవాళ్ళు. ఆ గొర్రెల కాపరులను బాపు పిలిచి కూర్చోబెట్టుకునేవాడు.

"గొర్రెకు డాక్టర్ చెప్పిన మందు తాపుండ్రి. మీకు గిట్ల కాళ్ళు ఉబ్బితె ఉప్పు బుక్కేరు సుమా! నేను బుక్కి సూసిన. నా అసొంటి బేవకూఫ్ ఈ జిల్లాల ఇంకోడు పుట్టలే. ఎవ్వరు చెప్పకున్న నా అంతట నేనే తిన్న."

వాళ్ళు పడీ పడీ నవ్వేవారు. కొందరు తమ ఇంట్లో కాళ్ళు ఉబ్బిన ముసలివాళ్ళను పాలమూరు తీసుకుపోయారు కూడా. నేను లోపల మందు కలుపుతూ ప్రతిసారీ వినేవాడిని. కిటికీ తెరిచే ఉండేది. బయటికి వచ్చి, కాదు, తినమన్నది నేను అని చెప్పడానికి పది అడుగులు కూడా లేవు. మందులో నీళ్ళు ఎక్కువై, రెండుసార్లు పారబోసి మళ్ళీ కలిపాను. బయటికి మాత్రం రాలేదు.

నాలుగో ఏడు వానాకాలంలో జలుబు చేసి దగ్గు దిగింది. కాంటా మీద ఒకే వారంలో మూడు సేర్లు పెరిగాడు. మాత్రలకు మూత్రం జారీ కాలేదు. పాలమూరు తీసుకుపోతే, ఈసారి సూదికి కూడా గాజు జాడీ నిండలేదు. నాలుగో రోజు డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, "ఇగ ఆయన ఏం అడిగితె అది పెట్టుండ్రి" అన్నాడు. అమ్మ నాలుగేళ్ళ తర్వాత ఉప్పు వేసి అంబలి కాచి తెచ్చింది. బాపు ఒక గుక్క తాగి మూతి ముడిచాడు.

"ఉప్పెక్కువైందే" అన్నాడు.

అమ్మ వేసింది చిటికెడే. మరునాడు పొద్దెక్కాక, నేను వీపు పట్టుకుని కూర్చోబెట్టి ఉండగా పోయాడు.

దినాలప్పుడు ఊరంతా కూడిన చోట అమ్మ పెద్ద గొంతుతో బాపును తిట్టింది. "ఎవ్వరన్న చెప్పిండ్రా నీకు? సొంత తెలివి! ఉప్పు బుక్కి పాణం మీదికి తెచ్చుకున్నవ్!" చావు దుఃఖం అనుకున్నారంతా. కానీ ఆ తర్వాత కూడా మానలేదు. ఎవరైనా బీరయ్య మంచివాడని తలిస్తే చాలు, మంచోడే కానీ మూర్ఖుడని ఉప్పు కథ ఎత్తుకునేది. నేను లేచి బయటికి పోయేవాడిని.

ఒకసారి పని మీద పాలమూరు పోయినప్పుడు డాక్టరును కలిసి, ఆ ఉప్పు తినకపోయి ఉంటే ఏమయ్యేదని అడిగాను. ఆయన కొంచెం ఆలోచించాడు. "జబ్బు ముందునుంచే ఉన్నది. కాని ఆ పన్నెండు దినాలు గుండె మీద పెద్ద దెబ్బ. ఆ వాపు మొదట చూసిన దినమే తెస్తె ఇంకొన్ని ఏండ్లు మంచిగుండునేమో. ఉండకపోవునేమో. నేను చెప్పలేను" అన్నాడు. అంత పెద్ద డాక్టరు చెప్పలేనన్నాడు. ఏడో తరగతి చదివిన నేను ఆ రోజు రోడ్డు మీద చెప్పేశాను.

ఇప్పుడు బాపు పోయి ఆరేళ్ళయింది. అదే దవాఖానలో అదే పని చేస్తున్నాను. ఎవరైనా డాక్టర్ సాబ్ అంటే, కాదు, కంపౌండరునని చెబుతాను. తెలియనిది అడిగితే నాకు తెల్వదంటాను. ఈ కంపౌండరుకు మతి పోయిందని కొందరు అనుకుంటున్నారట, అనుకోనివ్వండి. నా బీపీ చూపించుకున్నాను, అది కూడా ఎక్కువే ఉంది. బజ్జీలు మానేశాను.

చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఇంట్లో ఎవరి కాళ్ళయినా ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడి నిలిస్తే, మీకు ఎంత దగ్గరివాళ్ళు అడిగినా మందు మీరు చెప్పకండి. ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, అప్పటిదాకా ఏమేం తిన్నారో, ఎవరి మాట మీద తిన్నారో దాచకుండా చెప్పండి.

ఈ రాతను పత్రికకు పంపే ముందు అమ్మకు చదివి వినిపించాలనుకున్నాను. అచ్చులో వచ్చాక ఇంకెవరి నోటనో ఆమె వినడం బాగుండదు. నిన్న మధ్యాహ్నం ఆమె ఉన్ని వడుకుతుంటే ఎదురుగా కూర్చుని మొదటి నుంచి చదివాను. రోడ్డు మీది మాటల దగ్గర కూడా ఆమె కదురు ఆపలేదు. అంతా అయ్యాక దారం చుట్టుకుంటూ అన్నది.

"గీ సంగతి నాకు ఎర్కనే కొడుకా. దవాఖాన్ల మూడో దినమే చెప్పిండు మీ బాపు. పిల్లగాడు ఆ మాట మొయ్యలేడు, నువ్వు వానితోని అనకు, ఎవ్వరన్న అడిగితె నన్నే తిట్టు అన్నడు. గందుకే తిట్టిన, ఎవ్వరికి నీ మీద అనుమానం రాకుంట. పోయినోన్ని తిట్టి తిట్టి నా నోరు పాడైంది."

చుట్టిన దారం పక్కన పెట్టి నన్నే అడిగింది.

"నువ్వే చెప్పుకున్నవ్ గద. ఇగ ఆయన్ని తిట్టుడు బంద్ చెయ్యొచ్చునా?"